బంతి వంక చూడకు

నా దగ్గర సాధన చేసే క్వార్టర్‌బ్యాక్ ఎవడైనా బంతి వంక చూశాడంటే, ఆ రోజు వాడికి మూడినట్టే. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి అద్దం చూసుకుంటామా? ఇదీ అంతే. మా అమెరికా ఫుట్‌బాల్‌లో జట్టు తరఫున బంతి విసిరే బాధ్యత క్వార్టర్‌బ్యాక్‌ది. ముందు వంగి నిలబడ్డ సెంటర్ తన కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అది చేతిలో పడీ పడగానే వేళ్ళు వాటంతట అవే తోలు మీది లేసు కుట్టును వెతుక్కుని పట్టుకోవాలి. కళ్ళు మాత్రం ఎదుటి మైదానం మీదే ఉండాలి. ఎవడు ఖాళీగా ఉన్నాడు, ఎవడు మీదికి వస్తున్నాడు, ఇదే వాటి పని. కళ్ళు కిందికి దించావా, ఆ రెప్పపాటులోనే అవతలి జట్టువాడు ఆంబోతులా వచ్చి గుద్దేస్తాడు. తరవాత నీ పళ్ళు నువ్వే ఏరుకోవాలి.

అందుకే మా కార్వెల్ హైస్కూల్లో చేరిన ప్రతి క్వార్టర్‌బ్యాక్‌కూ ముందు కళ్ళకు గంతలు కడతాను. బంతిని గిరగిరా తిప్పి చేతిలో పెడతాను. వేళ్ళు లేసు మీద పడగానే "ఆఁ" అనాలి, విసరాలి. పాదాల సాధన, టైరులోంచి బంతి దూర్చడం, నేను చీపురుకర్రతో మొహం మీదికి వస్తుంటే బెదరకుండా విసరడం, ఇవన్నీ ఆ తరవాతే. ఇంట్లో టీవీ చూస్తూ కూడా బంతిని చేతిలో తిప్పుకోమంటాను. డెంటన్ ప్రూయిట్ అయితే చర్చిలో ప్రసంగం జరుగుతుంటే ఒళ్ళో బంతి పెట్టుకుని తిప్పుతూ కూచునేవాడు. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. శుక్రవారం మ్యాచ్ గెలవడం ఆయనకు మాత్రం అక్కర్లేదూ!

నా పేరు హాలిస్ ట్రెడ్‌వే. పొద్దున పూట భూగోళం పాఠం చెప్తాను, మధ్యాహ్నం క్వార్టర్‌బ్యాక్‌లకు కోచ్‌ని. నా భూగోళం సంగతి ఈ పడమటి టెక్సస్‌లో ఏ నరమానవుడికీ పట్టదు. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది. నిజమే. చర్చికి పోయే మనిషిని గనక బూతులు మాట్లాడను, మిగతావన్నీ మాట్లాడతాను.

ఇంతకీ డెంటన్ గురించి. నా చేతికింద పెరిగిన పిల్లల్లో అలాంటివాడు మళ్ళీ పుట్టడు. తాడిచెట్టంత ఎత్తు, మెత్తని మాట. ఒక పెద్ద యూనివర్సిటీవాళ్ళు, చదువూ తిండీ అన్నీ మావేనని చెప్పి పోయారు. వాళ్ళమ్మ లోరీన్ మా స్కూలు క్యాంటీన్లోనే వంట చేస్తుంది. తండ్రి ఆయిల్ బావుల దగ్గర పని, ఇంట్లో ఉండేది తక్కువ. ఊరు మొత్తం ఆ కుర్రాణ్ణి నెత్తిన పెట్టుకుంది. మంగలి దుకాణంలో వాడి బొమ్మ, పెట్రోలు బంకులో వాడి బొమ్మ. ఏళ్ళ తరబడి మొదటి ఆటలోనే ఓడి ఇంటికొచ్చే మా జట్టు, వాడి పుణ్యమా అని నాకౌట్ ఆటలదాకా వచ్చింది.

ఆ నాకౌట్ ఆట జరిగిన శుక్రవారం మేం గెలిచాం. ఆఖరి క్షణాల్లో డెంటన్ బంతి విసిరాడు. అది అవతల మనవాడి చేతిలో పడింది. విసిరిన మరుక్షణం ఎవడో వచ్చి డెంటన్‌ను తల మీద గుద్ది కింద పడేశాడు. నేను చూశానా? చూడలేదు. స్టేడియం మొత్తం బంతి వంకే చూస్తోంది. నేను తిరిగి చూసేసరికి వాడు లేచి నిలబడి, కుడిచెయ్యి విదిలించుకుంటూ నవ్వుతున్నాడు. పిల్లలందరూ వాడి మీద పడి ఎత్తుకున్నారు. బ్యాండు మోగింది. లోరీన్ ఏడ్చింది.

సోమవారం సాధనకు వచ్చాక డెంటన్ విసురు గతి తప్పింది. ఒకటి పైకి, ఒకటి పక్కకి. గాలిలో సాఫీగా తిరుగుతూ పోవలసిన బంతి దెబ్బతిన్న బాతులా ఊగుతూ పోయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏరా నాయనా, మంగలి దుకాణంలో బొమ్మ పడేసరికి కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాను.

"చలి కోచ్. చేతులు బిగుసుకుపోతున్నాయి," అన్నాడు.

"చలికాలంలో చలి కాక ఉడకపోస్తుందా? వంద విసురు, టైరులోంచి!"

వాడు టైరు దగ్గరికి పోయాడు. మరుసటి రోజు పాదాల సాధన పెంచాను. ఆ తరవాత చీపురుకర్ర తీశాను. గంతలు మాత్రం కట్టలేదు. డెంటన్‌కు అది ఎప్పుడో మాన్పించాను. చేపపిల్లకు ఈత నేర్పుతామా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సాధనలో క్వార్టర్‌బ్యాక్‌కు ఎర్రచొక్కా వేస్తాం. ఎర్రచొక్కా వేసుకున్నవాణ్ణి ఎవడూ ముట్టుకోకూడదు. చిటికెనవేలితో తాకినా నేను ఊరుకోను. ఆ వారమంతా డెంటన్ ఎర్రచొక్కాలోనే ఉన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గుడ్డముక్కకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మా రెండో క్వార్టర్‌బ్యాక్ ఎలియాస్ బర్రేరా. బక్కపలచని మనిషి, పెద్ద చెవులు. వాడి పని నకలు. వచ్చే శుక్రవారం ఏ ఊరితో ఆటైతే, ఆ ఊరి క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడతాడో వీడియోలు చూసి, అచ్చం అలాగే వారమంతా మావాళ్ళకు ఎదురునిలిచి ఆడాలి. అవతలి వాడి నంబరు చొక్కా కూడా వీడే వేసుకోవాలి. అలా చేస్తే మావాళ్ళకు శుక్రవారం కొత్తగా అనిపించదు. ఎలియాస్‌కు ఈ విద్య దేవుడిచ్చాడు. ఒకడు విసిరే ముందు వేలు నాకుతాడు, ఇంకొకడు ఎడమకాలు ఈడుస్తాడు, అన్నీ పట్టేసేవాడు. ఎవణ్ణి చేస్తే వాడే దిగి వచ్చాడా అనిపించేది. వాడికి సొంత విసురు ఒకటుందో లేదో నాకెప్పుడూ తెలీదు. అడగనూ లేదు.

ఆ వారం మా పోటీ శాండ్‌హిల్ అనే ఊరితో. సోమవారం ఎలియాస్ శాండ్‌హిల్ చొక్కా తొడుక్కుని దిగాడు. బంతి అందుకున్నాడు. తల వంచి బంతి వంక చూశాడు.

నేను విజిల్ ఊదాను. "ఒరేయ్ బర్రేరా! అదేమన్నా నీ ప్రియురాలా, అంత తనివితీరా చూస్తున్నావు? తల ఎత్తు!"

"మన్నించండి కోచ్."

మళ్ళీ అందుకున్నాడు. మళ్ళీ చూశాడు. పెదాలు కదిలాయి, ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు.

"పరుగెత్తు! మైదానం చుట్టూ! నీ కళ్ళు ఎక్కడుండాలో నీకు గుర్తొచ్చేదాకా!"

పరుగెత్తాడు. మంగళవారం మళ్ళీ అదే. మళ్ళీ పరుగెత్తించాను. బుధవారం కూడా అదే చేసేసరికి నాకు పిచ్చెక్కినంత పనైంది. గబగబా వాడి దగ్గరికి పోయి మొహంలో మొహం పెట్టాను.

"శాండ్‌హిల్ వాడు బంతి వంక చూడడు కదరా! వీడియోలో నేనూ చూశాను. నువ్వు ఎవణ్ణి చేస్తున్నావు అసలు?"

వాడు నా కళ్ళలోకి తిన్నగా చూశాడు. "ఎవర్నో ఒకర్ని చేస్తున్నాను కోచ్."

"ఓహో! నాకే ఎదురు సమాధానమా? పరుగెత్తు. నేను ఆపమన్నప్పుడు ఆపు."

నేను ఆపమనడం మరిచిపోయాను. మా ప్రధాన కోచ్ మెకార్డ్ చూసి ఆపించాడు. "హాలిస్, ఆ పిల్లాడు వాంతి చేసుకుంటున్నాడయ్యా, నీకేం పుట్టింది?" అన్నాడు. "వాడికి పొగరు పట్టింది," అన్నాను నేను.

గురువారం. గురువారం నాడు మాది తేలికపాటి సాధన, దెబ్బలు తగలకుండా. సొంతగడ్డ మీద సీజన్ ఆఖరి గురువారానికి మాకొక ఆచారముంది. దానికి వెక్కిరింత అని పేరు. వారంవారం పరాయి ఊళ్ళవాళ్ళ వేషం కట్టే నకలు జట్టు ఆ ఒక్క రోజు మా వేషం కడుతుంది. కోచ్‌లను, మొదటి జట్టువాళ్ళను ఎంతైనా వెక్కిరించవచ్చు, ఎవడూ ఏమీ అనుకోకూడదు. ఏడాది పొడుగునా మట్టి కరిచినవాళ్ళు కదా, కసి తీర్చుకుంటారు. మైదానం పక్క మెట్లమీద మేమందరం కూచుని చూస్తాం. లోరీన్ క్యాంటీన్ నుంచి పెద్ద పాత్రలో వేడి కోకో పంపిస్తుంది.

ఎలియాస్ ముందు మెకార్డ్‌ను చేశాడు. పొద్దుతిరుగుడు గింజలు కొరికి ఉమ్ముతూ, ప్యాంటు పైకి లాక్కుంటూ, అసలు ఏమీ చెప్పకుండా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. తరవాత నన్ను చేశాడు. వంకర తిరిగిన నా చూపుడువేలు, బొంగురు గొంతు, అన్నీ దింపాడు.

"ఏరా! మా అమ్మమ్మ మేక నీకన్నా బాగా విసురుతుందిరా! అది చచ్చి కూడా చాలా కాలమైంది!"

నాకే నవ్వాగలేదు. ఆ మాట నేను నిజంగానే అంటాను.

ఆ తరవాత వాడు లోపలికి పోయి చొక్కా మార్చుకుని వచ్చాడు. డెంటన్ నంబరు చొక్కా. ఈలలు, కేకలు. "రారా అందగాడా!" అని అరిచాడొకడు. ఎలియాస్ ముందు జుట్టు సవరించుకున్నాడు, డెంటన్ సవరించుకున్నట్టే. అమ్మాయిలు కూచునే వైపు చూసి సిగ్గుపడ్డాడు. అంతా ఘొల్లున నవ్వారు. సెంటర్ వేషం వేసినవాడు వంగి బంతి వెనక్కి అందించాడు.

ఎలియాస్ బంతి అందుకున్నాడు. తల వంచాడు. బంతి వంక చూశాడు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటే తీసి, చంటిపిల్లాడి చెయ్యి పట్టి సర్దినట్టు, లేసు కుట్టు మీద పెట్టుకున్నాడు. పెదాలతో లెక్కపెట్టాడు. అప్పుడు తల ఎత్తి విసిరాడు. అది బాతులా ఊగుతూ పోయింది.

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఆ ఊగుడు చూసి నవ్వారు, వారమంతా చూసిందే కదా. నేనూ నవ్వబోయాను. ఈ వారం నేను డెంటన్ విసిరిన బంతి ఎటు పోతుందో చూశాను గానీ, వాడి చేతుల వంక చూడనే లేదు.

ఎలియాస్ నవ్వడం లేదు. మళ్ళీ బంతి అడిగాడు. మళ్ళీ తల వంచి, వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకున్నాడు. ఈసారి నవ్వినవాళ్ళు కొందరే. మూడోసారి చేసేసరికి మెట్లమీద చప్పుడు లేదు. వాడు బంతి విసరలేదు. బంతి చేతిలో పట్టుకుని అలాగే నిలబడి, తిన్నగా నా వంక చూస్తున్నాడు.

నేను పక్కకు తిరిగి డెంటన్‌ను చూశాను. వాడు తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కోకో కప్పు ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది.

నేను లేచాను. నా నోరు ఎప్పటిలాగే ముందుకు దూకింది.

"డెంటన్. ఇలా రా."

"కోచ్, వాడేదో సరదాకి..."

"ఇలా రమ్మన్నానా!"

నా మెడలోని తువ్వాలుతో వాడి కళ్ళకు గంతలు కట్టాను. బంతిని గిరగిరా తిప్పి వాడి చేతిలో పెట్టాను. చర్చిలో, బస్సులో, నిద్రలో కూడా ఆ కుట్టును వెతుక్కున్న చెయ్యి అది. వేళ్ళు బంతి మీద అటూ ఇటూ పాకాయి.

"ఆఁ," అన్నాడు డెంటన్. "దొరికింది కోచ్."

వాడి వేళ్ళు నున్నటి తోలు మీద ఉన్నాయి. లేసు కుట్టు అవతలి వైపుంది.

మెట్లమీద ఎవడో "అయ్యో దేవుడా" అన్నాడు. మా సెంటర్ టకర్ వీడ్, బీరువా అంతటి మనిషి, లేచి నిలబడ్డాడు. "లేసు తనకి కనబడేట్టు తిప్పి ఇమ్మన్నాడు డెంటన్, కోచ్, సోమవారం నుంచి. చలికి వేళ్ళు మొద్దుబారాయన్నాడు. నేను నిజమే అనుకున్నా. ఒట్టు కోచ్, నిజమే అనుకున్నా," అన్నాడు.

నేను నా ట్రక్కు తాళంచెవి తీసి డెంటన్ అరచేతిలో పెట్టాను. "ఇదేంటి?"

వాడు గుప్పిట మూశాడు. చాలాసేపు తడిమాడు. "నాణెం," అన్నాడు.

నా విజిల్ తాడుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉంటుంది, చిరిగిన చొక్కాల కోసం. అది తీశాను. "ఇప్పుడు నీ చూపుడువేలు మీద గుచ్చుతాను. నొప్పి తెలియగానే చెప్పు."

"అలాగే."

గుచ్చాను. వాడు కదలకుండా నిలబడ్డాడు, గంతల కింద మొహం నా వైపుకు ఎత్తి. వేలి కొన మీద చిన్న నెత్తురు బొట్టు తేలింది.

"కానివ్వండి కోచ్," అన్నాడు. "నేను రెడీ."

నా మొహం చూసి మెకార్డ్ దగ్గరికి వచ్చాడు. వాడి వేలు చూశాడు, నా చేతిలోని పిన్నీసు చూశాడు. మెకార్డ్ ఎన్నో ఆటలు ఓడిన మనిషి. అతని మొహం అంత తెల్లబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నరం పట్టేసి ఉంటుంది," అన్నాడు మెల్లిగా. "అప్పుడప్పుడూ పడుతుంది కదా హాలిస్. రేపటికి..."

"రేపు వీడికి ఎర్రచొక్కా ఉండదు మెకార్డ్!" నేను అరిచాను. స్టేడియం అవతలి గోడ నుంచి నా గొంతు నాకే తిరిగి వినిపించింది. "రేపు వీణ్ణి ముట్టుకోవద్దని శాండ్‌హిల్ వాళ్ళకు ఎవడు చెప్తాడు? నువ్వు చెప్తావా?"

మెకార్డ్ ఫోను తీసి అంబులెన్సును తనే పిలిచాడు.

డెంటన్ తువ్వాలు లాగేశాడు. ముందు వేలి మీది నెత్తురు చూసుకున్నాడు. దాని అర్థం వాడికి తెలిసేసరికి కొంచెంసేపు పట్టింది. తెలిసిన తరవాత కూడా వాడు అడిగింది ఇదే: "కోచ్, రేపొక్క రోజు. ఒక్క రోజు ఆడనివ్వండి. శనివారం మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా. యూనివర్సిటీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు కోచ్!"

"కదలకురా బాబూ. దెబ్బ మెడలో ఉందేమో, తల తిప్పకు. కూచో."

"వాడు!" డెంటన్ తల తిప్పనే తిప్పాడు. ఎలియాస్ వైపు ఎడమచెయ్యి చాపాడు. "నా కొంప ముంచావు కదరా! నీతో ఒట్టు వేయించుకున్నా కదరా!"

ఎలియాస్ ఇంకా ఆ చొక్కాలోనే ఉన్నాడు. నకలు చెయ్యడానికి ఎవరూ దొరకనట్టు చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

లోరీన్ క్యాంటీన్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది, జుట్టుకు వల, చేతులకు పిండి. నేను చెప్పింది విని, ముందు నా మీదికి వచ్చింది.

"ఏమంటున్నావు హాలిస్? వాడికేం కాలేదు. ఒళ్ళు నొప్పులన్నాడు, అంతే. పొద్దున చొక్కా బొత్తాలు..." ఆగింది. "చొక్కా బొత్తాలు నేను పెట్టాను. మూడు రోజులుగా నేనే పెడుతున్నా. అమ్మా నువ్వు పెట్టవా, చిన్నప్పట్లాగా, అన్నాడు. నాకు ముద్దొచ్చింది హాలిస్. వీడు ఇల్లు వదిలి పోయే రోజు వస్తోంది, అందుకని అడుగుతున్నాడనుకున్నా."

ఆ మాటతో ఆమె నేలమీద కూలబడింది. మెడ కదలకుండా పట్టీ వేసి అంబులెన్సువాళ్ళు కొడుకును స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆమె చూస్తూనే ఉంది, ఏడవను కూడా లేదు. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది. నేను పట్టుకుని లేవదీశాను.

పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు మెడ ఫొటో గోడ మీది దీపానికి పెట్టి మాకు చూపించింది. చిన్న వయసు, సన్నటి గొంతు, తొణకని మాట. వెన్నెముక దగ్గర బిళ్ళ ఒకటి జారి నరాల కట్టను నొక్కుతోందట. ఆపరేషన్ చేస్తే చెయ్యి చాలావరకు వస్తుందట. నడుస్తాడు, రాస్తాడు, పిల్లల్ని ఎత్తుకుంటాడు. ఆట మాత్రం ఈ జన్మకు లేదు.

"రేపు ఆడి ఉంటే?" అని అడిగాను. అడగకుండా ఉండవలసింది.

"దెబ్బ తగలకపోతే ఏమీ అయ్యేది కాదు," అంది. "తగిలితే మెడ కింద ఏదీ కదిలేది కాదు. ఊపిరితో సహా."

క్వార్టర్‌బ్యాక్‌కు దెబ్బ తగలని ఆట నేను పుట్టి ఎరగను.

శుక్రవారం మధ్యాహ్నం ఊళ్ళోకి వచ్చేసరికి గుసగుసలు నాకన్నా ముందే చేరాయి. మంగలి దుకాణం దగ్గర ఒకడు నన్ను ఆపి, "ఆ బర్రేరా కుర్రాడు డెంటన్ చోటు కోసమే ఇదంతా చేశాడంట కదా కోచ్?" అన్నాడు. వాడికి నేను చెప్పిన జవాబు మా పాస్టరుగారికి చెప్పుకోలేను. కానీ నా మనసులో కూడా ఒక ముల్లు ఉంది. తెలిసే చేశాడా? తెలిస్తే వారమంతా ఎందుకు నోరు మూసుకున్నాడు? ఎంత ఆలోచిస్తే అంత కోపం వచ్చింది. కోపం వస్తే నేను ఆగలేను. తిన్నగా బట్టలు మార్చుకునే గదికి పోయాను.

ఎలియాస్ ఒక్కడే బెంచీ మీద కూచున్నాడు. రాత్రి ఆటకు వాడే క్వార్టర్‌బ్యాక్. ఒళ్ళో వాడి సొంత నంబరు చొక్కా ఉంది, మడతలు కూడా విప్పలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"శనివారం కోచ్. హ్యాంబర్గర్ కొట్టు దగ్గర. కూల్‌డ్రింకు డబ్బా మూత తీయలేకపోయాడు. చిల్లర కింద పడితే ఏరుకోలేకపోయాడు. నేను చూస్తున్నానని గమనించాడు. నోటితో ఎవరికీ చెప్పనని మా నాయనమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు."

"శనివారం! మరి నా దగ్గరికి రావద్దూ? ఒట్టు పెద్దదా, వాడి ప్రాణం పెద్దదా? నీకు బుద్ధుందా అసలు?"

"వచ్చి ఏం చెప్పను కోచ్? నేను రెండోవాణ్ణి. డెంటన్ ఆడకూడదని రెండోవాడు చెప్తే మీరు నమ్ముతారా? వాణ్ణి అడుగుతారు. వాడు నవ్వి, చలి కోచ్, అంటాడు. మీరు నన్ను పరుగెత్తిస్తారు."

అలవాటు కొద్దీ నా చెయ్యి మెడలోని విజిల్ మీదికి పోయింది.

"అయినా చెప్పా కదా కోచ్," అన్నాడు వాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు భరించరాకపోయింది. "సోమవారం చెప్పా. మంగళవారం చెప్పా. బుధవారం మీరు దగ్గరికొచ్చి ఎవణ్ణి చేస్తున్నావని అడిగారు కూడా. హమ్మయ్య, అర్థమైందనుకున్నా."

నేను బెంచీ మీద కూలబడ్డాను. వాడి పక్కనే. మైదానం చుట్టూ వాడి పెద్ద చెవులు, ఊగే తల, వాడు వంగి వాంతి చేసుకోవడం, అన్నీ కళ్ళముందు కదిలాయి. మూడు రోజులు ఈ కుర్రాడు నా కళ్ళెదుట నిలబడి అరుస్తున్నాడు. నేను విజిల్ ఊదుతున్నాను.

"నిన్న కూడా నాకు అర్థం కాకపోయి ఉంటే?" అన్నాను చివరికి. "ఏం చేసేవాడివి?"

వాడు ఒళ్ళో ఉన్న చొక్కా మడత విప్పి తలలోంచి తొడుక్కున్నాడు. బల్ల మీది బంతి చేతిలోకి తీసుకున్నాడు. నా వంకే చూస్తున్నాడు. వేళ్ళు వాటంతట అవే పోయి లేసు మీద పడ్డాయి.

"ఆట మొదలవగానే టకర్ దగ్గర్నుంచి బంతి లాక్కుని పారిపోదామనుకున్నా కోచ్," అన్నాడు. "ఎంతమంది తరిమినా దొరకనుగా. వారమంతా మీరు పరుగెత్తించారు."